పదో సలహా

మంచుకొండ మీది రిసార్టుకి వచ్చే అతిథుల కోసం పది సలహాలు రాసిమ్మని మేనేజరు అడిగినప్పుడు, నిజంగా సలహాలే అడిగాడనుకున్నాడు లోత్ రామ్. పాపం, అమాయకుడు. ఇరవై రెండేళ్ళుగా ఆ వాలు మీద పొద్దున్నే అందరికంటే ముందు అడుగుపెట్టేది అతనే. కర్ర దించి మంచు లోతు కొలవడం, గొయ్యి తవ్వి ఏ పొర గట్టిదో ఏ పొర గుల్లదో వేలితో పొడిచి చూడటం, లిఫ్టు కుర్చీలకి పట్టిన గడ్డలు రాలగొట్టడం, జనం పోకూడని చోట ఎర్ర జెండా పాతడం అతని పని. ఇన్నేళ్ళలో మంచుని చూసి అతను భయపడింది నాలుగైదుసార్లే. మనుషుల్ని చూసి మాత్రం రోజూ భయపడతాడు.

అందుకే మనసుపెట్టి రాశాడు. కింద రోడ్డు మీద అద్దెకిచ్చే బొచ్చు కోట్లు తీసుకోకండి, అందులో నిన్నటివాడి చెమట ఇంకా ఆరలేదు అని రాశాడు. జీన్సు ప్యాంటుతో మంచులో కూర్చుంటే సాయంత్రానికి ప్యాంటే మిమ్మల్ని లేవనివ్వదు అని రాశాడు. రమ్ము తాగితే పోయేది చలి కాదు, బుద్ధి అని రాశాడు. మొదటిరోజే పై లిఫ్టు ఎక్కకండి, ఎక్కడానికి మీ టిక్కెట్టు చాలు, దిగడానికి మా వీపులు కావాలి అని కూడా రాశాడు. పదోది మాత్రం పొట్టిగా తేల్చేశాడు: నాలా నోటి దగ్గర నిలబడకండి. శిఖరం నుంచి వాలు పక్కకి దిగే ఇరుకు లోయని అక్కడ నాలా అంటారు. పైన మంచు జారిందంటే వచ్చేది అందులోంచే.

మేనేజరు పేరు విభోర్ సభర్వాల్. గురుగ్రామ్ నుంచి దిగి రెండేళ్ళయింది. ఆ కాగితం చదివి, ఇవి సలహాలా శాపనార్థాలా అని అడిగాడు. వారం తిరిగేసరికి లిఫ్టు దగ్గర రంగుల బోర్డు లేచింది. కోట్ల సలహా 'కొండవాళ్ళ వేషంలో మెరిసిపోండి' అయింది. రమ్ము సలహా 'వెచ్చని పానీయంతో సేదతీరండి' అయింది. వీపుల సలహా 'శిఖరం మిమ్మల్ని పిలుస్తోంది' అయి కూర్చుంది. పదోది అసలు లేనే లేదు. ఆ స్థానంలో, మా ప్రేమ ఫ్రేములో ఫోటో దిగడం మరిచిపోకండి అని ఉంది. అది మనిషెత్తున్న ఎర్ర గుండె బొమ్మ. పాతింది నాలా నోటి దగ్గరే. అక్కడ నేల చదునుగా ఉంటుంది, ఎండ బాగా పడుతుంది, ఫోటోలో శిఖరం వెనకాల నిండుగా వస్తుంది. అంత మేర నేల చదునుగా ఎందుకుందో, చుట్టూ దేవదారులుండగా ఆ మేరలో ఒక్క చెట్టూ ఎందుకు లేదో అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇంకొకప్పుడైతే లోత్ రామ్ కేకలకి ఆ గుండె దానంతటదే పగిలేది. అతని గొంతు అలాంటిది. కానీ ఇవి ఆ రోజులు కావు. మాఘం మొదలైన నాటి నుంచి నలభై రెండు రోజులు అతని ఊరు ఖరోళ్‌లోని దేవత స్వర్గంలో దేవతల సభకి వెళుతుంది. తిరిగొచ్చేదాకా ఊళ్ళో చప్పుడు ఉండకూడదు. ఆవుల మెడ గంటల్లో ఉన్ని కుక్కుతారు. టీవీ బొమ్మ చూపిస్తుంది గాని మాట్లాడదు. ఈల వేసే కుక్కరు అటకెక్కుతుంది, రాజ్మా కుండలో పడుతుంది, అది ఎప్పుడు ఉడికితే అప్పుడే భోజనం. పొలిమేర లిఫ్టు అవతలిదాకా ఉంది కాబట్టి, రిసార్టులో పనిచేసే ఊరివాళ్ళు వాలు మీద కూడా చేతి సైగలతోనే నెట్టుకొస్తారు. లోత్ రామ్ పెళ్ళాం శుక్రీ అయితే, ఏడాదిలో తను కాపురం చేసేది ఈ నలభై రెండు రోజులేనని, మిగతాదంతా ఆ గొంతుతో వేగడమేనని చెల్లెళ్ళతో అంటుంది. మెల్లగానే అంటుంది.

ఈ ఏడు అతను నోరు మూసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దేవత తిరిగొచ్చిన రోజున పల్లకీ లేస్తుంది. ముందు బొంగు మోసే వంతు వాళ్ళ వంశానిది. తాత మోశాడు, తండ్రి మోశాడు, తండ్రి పోయాక చిన్నాన్న గెహరూ పదహారేళ్ళు మోశాడు. కిందటేడు మోకాళ్ళు మొరాయించడంతో, ఇకనుంచి మావాడు లోత్ మోస్తాడని గెహరూ చాచా గుడి పెద్దలతో చెప్పేశాడు. ఆ మాట విన్న రోజు నుంచి లోత్ రామ్ కట్టెల మోపు కూడా కుడి భుజానికి ఎత్తుకోలేదు. ఆ భుజాన్ని దేవతకి దాచిపెట్టాడు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, స్నానానికి వెళ్ళినప్పుడల్లా భుజం తడుముకుని చూసుకునేవాడు. షరతు ఒక్కటే. ఈ నలభై రెండు రోజుల్లో గొంతెత్తినవాడు ఆ ఏడు పల్లకీ ముట్టకూడదు.

కిందటేడు మంచు ఉత్సవానికి మేనేజరు లౌడుస్పీకర్లు తెప్పించాడు. ఊరి ఆడవాళ్ళు నలభైమంది వచ్చి వైర్ల మీద కూర్చుని, సాయంత్రందాకా మేజోళ్ళు అల్లుకున్నారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. మాట అనని మనుషులతో ఎలా తగువు పడాలో మేనేజర్ల చదువులో చెప్పరు కాబోలు. ఈసారి అతను తెలివి మీరాడు. నిశ్శబ్ద నృత్యోత్సవం అన్నాడు. నూట అరవై హెడ్‌ఫోన్లు తెప్పించాడు. పాట చెవుల్లోనే మోగుతుంది, బయటికి చప్పుడు రాదు, దేవతకి అభ్యంతరం లేదు, అతిథులకి కొత్తదనం. గుడి పెత్తనం చూసే కార్దార్ వచ్చి, ఒక హెడ్‌ఫోను చెవికి పెట్టుకుని విని, దేవత సంగతేమో గాని ఈ పిల్లల చెవుల్ని తలుచుకుంటే జాలేస్తోందని గొణిగి వెళ్ళిపోయాడు. ఇక నాట్యం చేసే చోటు ఎక్కడంటారా, ఇంకెక్కడ, ఆ ఎర్ర గుండె ముందే.

ఉత్సవానికి ముందు మూడురోజులు తెరిపి లేకుండా మంచు పడింది. ఆదివారం పొద్దున్నకి ఆకాశం కడిగినట్టు తేటగా ఉంది. అతిథులు తమ అదృష్టమన్నారు. లోత్ రామ్ నాలా అంచున గొయ్యి తవ్వాడు. పైన మూడడుగుల కొత్త మంచు. దాని కింద పట్టు లేని పాత పొర, వేలు పెడితే పంచదారలా జలజలా రాలింది. చాలదన్నట్టు గాలి శిఖరం మీది మంచుని కూడా ఊడ్చి తెచ్చి నాలాలోనే పోసింది. ఎండ ఎక్కిందంటే ఆ బరువు ఆగదు. అతను వాలు మొత్తం మూసేశాడు. గుండె ఫ్రేముకి వెళ్ళే దారి మొదట్లో, రెండు బండల మధ్య ఇరుకైన చోట, పెద్ద ఎర్ర జెండా పాతి మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

ఆ తగువు చూసి తీరాల్సింది. మేనేజరు అరుస్తున్నాడు, లోత్ రామ్ గుసగుసలాడుతున్నాడు. దూరం నుంచి చూసినవాళ్ళు, ఎవరో పనివాడు తప్పు చేసి బతిమాలుకుంటున్నాడు అనుకున్నారు.

"వాలు మూశావు, సరే. మూయడం నీ ఉద్యోగం," అన్నాడు మేనేజరు. "కానీ నీ జెండా స్కీ చేసేవాళ్ళకి. వీళ్ళు స్కీ చేస్తున్నారా? డాన్సు చేస్తున్నారు."

"మంచుకి ఆ తేడా తెలీదు సాబ్."

"అయితే ఎన్నింటికి పడుతుందో చెప్పు. ఆ టైముకి అందర్నీ పక్కకి జరుపుతాను."

"టైము చెప్పి వచ్చేది బస్సు సాబ్. మా ఊరికి అదీ రాదు."

మేనేజరుకి నవ్వు రాలేదు. ఫోటోలకి అడ్డొస్తోందని జెండా పీకించి లిఫ్టు వెనకాల పడేయించాడు. లోత్ రామ్ తనే వెళ్ళి అతిథుల ముందు నిలబడి, రెండు చేతులూ ఊపి వెళ్ళిపొమ్మని సైగ చేశాడు. అదేదో కొత్త స్టెప్పు అనుకుని వాళ్ళూ రెండు చేతులూ తిరిగి ఊపారు. ఇద్దరు ముగ్గురు అతని పక్కన నిలబడి ఫోటో కూడా దిగారు. అతని నోటి నిండా తిట్లున్నాయి, ఒక్కదానికీ బయటికొచ్చే దారి లేదు. స్కీలు తగిలించుకుని, నాలాని కనిపెట్టుకుని ఉండేందుకు వాలు సగందాకా ఎక్కాడు.

పదకొండు దాటాక పై అంచు నుంచి ఒక చిన్న ముద్ద ఊడిపడింది. పెద్ద చప్పుడేం కాలేదు. లోపలెక్కడో బస్తా దించినట్టు మంచు దబ్బుమని కుంగింది, అంతే. మరుక్షణం నాలా పైభాగంలో, ఎడమ అంచున అడ్డంగా బీట కనబడింది. చూస్తుండగానే అది నాలా నడిమిదాకా పాకింది.

కింద నూట అరవైమంది గెంతుతున్నారు. లోత్ రామ్‌కి భుజం గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, గుర్తొచ్చింది. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు అతను నోరు తెరవలేదు. ఆ తర్వాత ముప్ఫై రోజులుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారే బయటపడింది.

పారిపోండి అన్న ఆ కేక ఎదుటి కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఖరోళ్‌లో ఇంటింటి తలుపూ తెరుచుకుంది. ఆవులు తలలెత్తాయి. సిడ్డూ రొట్టెల కోసం పిండి పిసుకుతున్న శుక్రీ ఆ చేతులతోనే వాకిట్లోకి వచ్చి, ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టి గుమ్మం మీద కూలబడింది. కార్దార్ గుడి మెట్ల మీద నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండ వైపు చూశాడు. ఎవరు వినకూడదో వాళ్ళందరూ విన్నారు. వినాల్సినవాళ్ళు మాత్రం చెవుల నిండా పాట పెట్టుకుని చక్కగా గెంతుతూనే ఉన్నారు. ఒక్కడంటే ఒక్కడు తల తిప్పలేదు.

అతను కిందికి దూసుకొచ్చి, పాటలు పెట్టే కుర్రాడి చేతిలో మైకు లాక్కున్నాడు. దాంట్లో మాట్లాడితే అందరి చెవుల్లోనూ పలుకుతుందని అప్పటికి తట్టింది. పైన కొండ బీటవారింది, మంచు జారబోతోంది, అందరూ లిఫ్టు వైపు పరిగెత్తండి అని మెల్లగా, స్పష్టంగా చెప్పాడు. నూట అరవైమందీ టక్కున ఆగారు. వెనక్కి తిరిగి పైకి చూశారు. నూట అరవై ఫోన్లు బయటికొచ్చాయి. కొందరు బాగా కనబడటం లేదని నాలాలోకి నాలుగడుగులు వేశారు. ఒకాయన బీట కూడా ఫోటోలో పడాలని భార్యని కాస్త ఎడమకి జరగమన్నాడు.

ఆ ఇరవై రెండేళ్ళలో లోత్ రామ్ చదివింది మంచుని ఒక్కదాన్నే కాదు. మళ్ళీ మైకు నోటికి ఆనించుకున్నాడు.

"లిఫ్టు దగ్గర మ్యాగీ ఫ్రీ. మొదటి యాభైమందికే."

అబ్బ, ఏం పరుగు అది. రెండేళ్ళ జీతం పోసి కాలు బాగుచేయించుకున్నానని పొద్దున్న చెప్పుకున్న పెద్దాయన అందరికంటే ముందున్నాడు. కొత్త పెళ్ళికూతురు మొగుణ్ణి నెట్టుకుని పోయింది. భార్యని ఎడమకి జరగమన్న ఆయన ఆమెని అక్కడే వదిలేస్తే, ఆమె అతన్ని దారిలోనే దాటేసింది. మేనేజరు చెవులకి కూడా హెడ్‌ఫోను ఉంది. ఆ మాట వినబడగానే అతను, ఫ్రీ కాదు, ఎవరు చెప్పారు ఫ్రీ అని అంటూ వాళ్ళందరి కంటే వేగంగా లిఫ్టు వైపు పరిగెత్తాడు. ఆ అబద్ధం అతన్ని కూడా బతికించింది.

ఆఖరివాడిగా లోత్ రామ్ బండలు దాటాడో లేదో, నాలా ఎడమ సగం కిందికి దిగింది. గుండె బొమ్మ, పాటల బల్ల, పరుగులో ఊడిపడ్డ హెడ్‌ఫోన్లు, అన్నీ ఇద్దరు మనుషుల ఎత్తు మంచు కింద పడ్డాయి. గాలి విసురుకి లోత్ రామ్ కూడా బోర్లా పడ్డాడు. లేచి మనుషుల్ని లెక్కపెట్టాడు, పాటల కుర్రాడితో సహా. ఒక్కరికీ చిన్న దెబ్బ తగల్లేదు. అప్పుడు గాని మంచులో కూర్చోలేదు.

కృతజ్ఞతలు చెప్పారా అంటే, చెప్పడానికి తీరికేది. మ్యాగీ ఫ్రీ కాదని తేలడంతో లిఫ్టు దగ్గర పెద్ద గొడవైంది. సాయంత్రానికి రిసార్టు మీద ఇంటర్నెట్లో ముప్ఫై ఏడు ఫిర్యాదులు పడ్డాయి. వీడియో బాగా వచ్చింది గాని సిబ్బంది మోసగాళ్ళని ఒకరు రాశారు. అతిథుల్ని తప్పుదారి పట్టించినందుకు లోత్ రామ్‌ని వివరణ రాసిమ్మన్నాడు మేనేజరు. రాయడం అలవాటైన పనే కదా అని కూడా అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం గుడి వాకిట్లో పెద్దలు కూర్చున్నారు. అందరూ లోగొంతుకతోనే మాట్లాడుకున్నారు.

"అరిచావా?" అన్నాడు కార్దార్.

"అరిచాను."

"అది విని ఎవరైనా కదిలారా?"

"లేదు. చెవులకి అవి ఉన్నాయి."

"మరెలా కదిలారు?"

"మైకులో మెల్లగా చెప్పాను. మ్యాగీ ఫ్రీ అని."

మైకులో చెప్పింది బయటికి వినబడలేదు గనక అది చప్పుడు కాదని ఒక పెద్దమనిషి వాదించాడు. అబద్ధమాడటం తప్పే గాని అదీ చప్పుడు కాదు, ఈ నలభై రెండు రోజుల లెక్కలోకి రాదని ఇంకొకాయన అన్నాడు. అన్నీ తీసేయగా మిగిలింది ఆ కేక. ఆ కేక ఒక్క ప్రాణాన్ని కూడా కాపాడలేదు. కాపాడింది అబద్ధం. అబద్ధానికి శిక్ష లేదు, కేకకి ఉంది. నేరుగా వెళ్ళి మైకే పట్టుకుని ఉంటే నీ భుజం నీకు దక్కేది కదురా అని కార్దార్ నిజంగా బాధపడుతూ అన్నాడు. నియమం మాత్రం నియమమే. ఈ ఏడు ముందు బొంగు ఎవరు మోస్తారని అడిగితే, గెహరూ చాచా మెల్లగా లేచి, సరే నేనే మోస్తాను అన్నాడు.

ఆ ఒక్క ముక్కా లోత్ రామ్‌కి ముల్లులా దిగింది. నా అన్న కొడుకు తప్పు చేయలేదని ఒక్క మాట అడ్డు చెప్పలేదు, ముసలాడికి మోకాళ్ళు ఉన్నట్టుండి బాగైపోయాయా అని మండిపడ్డాడు. పశువుల కొట్టంలోకి వెళ్ళి ఆవు పక్కన కూర్చుని ఏడ్చాడు. ఏడుపు కూడా మెల్లగానే ఏడవాల్సి వచ్చింది. శుక్రీ వచ్చి పక్కన కూర్చుని, అతని కుడి భుజం మీద చెయ్యి వేసింది.

రిసార్టులో మాత్రం జీవితం ఆగలేదు. వారం లోపలే, పడిన మంచుగుట్ట పక్కన కొత్త గుండె లేచింది. ఈసారి ఇంకా పెద్దది. దాని మీద 'అవలాంచ్ పాయింట్' అని రాయించాడు మేనేజరు. బోర్డు మీద పదో సలహా కూడా మారింది: కొండ కూలిన చోట ధైర్యంగా ఒక ఫోటో. వీడియో చూసి ఢిల్లీ నుంచి జనం తీర్థానికి వచ్చినట్టు వస్తున్నారు. పడింది ఎడమ సగమే, కుడి సగం ఇంకా పైనే ఉంది, ఎండలు ముదిరే రోజులొచ్చాయి అని లోత్ రామ్ చెబితే, పడాల్సింది పడిపోయిందిగా అన్నాడు మేనేజరు. రోజూ పొద్దున్న లోత్ రామ్ బండల మధ్య ఎర్ర జెండా పాతేవాడు. రోజూ తొమ్మిదింటికి ఎవరో ఒకరు పీకేవాళ్ళు. ఒకసారి తెగించి, లిఫ్టు దగ్గర మ్యాగీ ఫ్రీ అని చెప్పి చూశాడు. ఒక పిల్ల ఫోన్లోంచి తలెత్తి, ఆ మోసగాడివి నువ్వేనా అంకుల్ అని, అతనితో సెల్ఫీ అడిగింది.

నలభై మూడో రోజున దేవత వచ్చింది. తెల్లవారుతూనే డోళ్ళు మోగాయి, బూరలు ఊదారు, ఆవుల గంటల్లోంచి ఉన్ని లాగి పారేశారు. ఊరంతా ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టింది. లోత్ రామ్ ఒక్కడే మాట్లాడలేదు. గుంపులో వెనకాల నిలబడ్డాడు. పల్లకీ లేచింది. ముందు బొంగు కింద గెహరూ చాచా, పళ్ళు బిగించి, అడుగడుక్కీ మూలుగుతూ.

పల్లకీ ఏటా గుడి కింది మైదానానికి దిగుతుంది. ఈ ఏడు నాలుగడుగులు దిగి ఆగింది. ఊగింది. వెనక్కి తిరిగింది. దేవత ఎటు లాగితే అటు వెళ్ళాల్సిందే, మోసేవాళ్ళ ఇష్టం కాదు. డోళ్ళూ జనమూ వెంటరాగా అది రిసార్టు వైపు మళ్ళి, లిఫ్టు దాటి, ఆగి ఆగి ఎక్కి, రెండు బండల మధ్య, లోత్ రామ్ జెండా పాతే గుంట మీద సరిగ్గా కూర్చుంది. ఇంకో అడుగు ముందుకి కదల్లేదు.

దేవత కూర్చున్న చోట తోలు బెల్టుగాని చెప్పుగాని దాటకూడదు, ఫోటో తీయకూడదు, వ్యాపారం చేయకూడదు. కార్దార్ అటూ ఇటూ హద్దురాళ్ళు పాతించాడు. మేనేజరు పరిగెత్తుకొచ్చి, ఇది ఎంతసేపు అని అడిగాడు.

"దేవత రాళ్ళు తీయమనేదాకా," అన్నాడు కార్దార్. "టైము చెప్పదు."

ఎదురుగా మూడువందలమంది, నలభై రెండు రోజుల మాటలు దాచుకున్నవాళ్ళు, నోళ్ళు తెరిచి సిద్ధంగా ఉన్నారు. మేనేజరు బండల అవతలున్న గుండె వైపు ఒకసారి చూసి, లిఫ్టు వైపు నడిచాడు. వారంలో బోర్డు మీద పదో సలహా మళ్ళీ మారింది. ఈసారి లోత్ రామ్ రాసిన మాటలే పడ్డాయి.

ఆ రోజు పల్లకీ గుడికి చేరాక, గెహరూ చాచా మెట్ల మీద కూలబడి మోకాళ్ళు పట్టుకున్నాడు. లోత్ రామ్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆవనూనె వేడిచేసి తెచ్చి మోకాళ్ళకి రాస్తూ అడిగాడు.

"చాచా, పల్లకీ అటెందుకు మళ్ళింది?"

"నన్నడుగుతావేంరా, దేవతనడుగు. ముసలాణ్ణి, మోకాళ్ళు నొప్పి," అన్నాడు గెహరూ చాచా కళ్ళు మూసుకుని. "పల్లం ఎటుంటే అటు కాళ్ళు పోయాయి."

లోత్ రామ్ తల తిప్పి చూశాడు. గుడి నుంచి ఆ బండలదాకా దారంతా ఎక్కుడే.